రెండు యాక్సిళ్ల ట్రావెల్ ట్రైలర్‌కి కొత్త టైర్లు: ఎడమ వెనక చక్రం కేసు

ఈ ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు, మా షెడ్డుకి స్టెప్నీ మీద వచ్చింది. 2018 మోడల్. రెండు యాక్సిళ్లు, నాలుగు చక్రాలు, ఎడమవైపు వంటగది ఉన్న స్లైడ్‌అవుట్ (బండి ఆపాక గోడలోంచి బయటికి జరిగే భాగం). టెక్సస్‌లో నడి ఎండాకాలం, మధ్యాహ్నం పూట హైవే మీద ఎడమ వెనక టైరు పేలింది. ట్రెడ్, అంటే రోడ్డుకి తగిలే గాళ్ల భాగం, పట్టీలా ఊడి, మడ్‌గార్డ్‌ని చీల్చి, అడుగున బ్రేకు వైరుని తెంపేసింది. ఓనరు మనవాళ్లే. ఆయన అడిగిన పని చాలా చిన్నది: "అన్నా, ఆ ఒక్క టైరూ వేసేయండి చాలు. మిగతా మూడూ కొత్తవాటిలాగే ఉన్నాయి."

ట్రెడ్ వరకు ఆయన చెప్పింది నిజమే. గాడి లోతు బ్రహ్మాండంగా ఉంది. ట్రైలర్ టైర్లలో వచ్చే చిక్కే అది. కారు టైరు ఎక్కువగా అరిగిపోయి చస్తుంది. ట్రైలర్ టైరు మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకే చోట నిలబడి, ఎండకి, ఓజోన్‌కి రబ్బరు గట్టిపడి, లోపల స్టీల్ బెల్టుల దగ్గర అతుకు వదులుతూ చస్తుంది. పైకి ట్రెడ్ మిలమిలలాడుతూనే ఉంటుంది. రబ్బరులో రక్షణ కోసం కలిపే మైనపు పదార్థాలు టైరు తిరుగుతూ ఒంగుతున్నప్పుడే పైకి వస్తాయి, కాబట్టి నిలబడి ఉండే టైరుకి ఆ రక్షణా తక్కువే.

పాత టైర్లను చూస్తే

సైజు ఎస్‌టీ205/75ఆర్14, లోడ్ రేంజ్ సి. లోడ్ రేంజ్ అంటే టైరు ఎంత గాలి, ఎంత బరువు తట్టుకుంటుందో చెప్పే అక్షరం; సి కంటే డి, డి కంటే ఇ గట్టివి. ఎస్‌టీ అంటే ట్రైలర్‌కి మాత్రమే చేసిన టైరు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద గరిష్ఠ బరువు 1,760 పౌండ్లు, చల్లగా ఉన్నప్పుడు గాలి 50 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అని ఉంది. టైరు మీద ముద్రించే డాట్ అనే గుర్తింపు నంబరులో చివరి నాలుగు అంకెలు 1618, అంటే 2018లో 16వ వారం తయారీ. స్టెప్నీతో సహా అన్నీ అదే కాలానివి. ట్రైలర్ టైర్లకి ఐదారేళ్లు నేను పెట్టుకున్న గీత. ఇవి ఆరేళ్లు దాటేశాయి. డాట్ నంబరు పూర్తిగా ఒక వైపు సైడ్‌వాల్ మీదే ఉండవచ్చు. బయటి వైపు తారీఖు కనపడకపోతే కింద దూరి లోపలి వైపు చూడాలి.

తర్వాత ఛాసిస్ దగ్గర జాకీ పెట్టి ఒక్కో చక్రాన్నీ లేపాను. యాక్సిల్ గొట్టం కింద జాకీ పెట్టకూడదు, అది వంగిపోతుంది. ట్రెడ్‌కి దగ్గరగా ఒక పుల్లని కదలకుండా పట్టుకుని చక్రాన్ని మెల్లగా తిప్పితే ట్రెడ్ ఎక్కడైనా ఉబ్బిందో లేదో తెలిసిపోతుంది. కుడి ముందు టైరు ఒక చోట పుల్లకి తగిలింది. కంటికి ఆనదు గానీ చేత్తో తడిమితే తెలుస్తుంది. లోపల బెల్టు విడిపోవడం మొదలైన గుర్తు అది. ఆ టైరు మీద ఇంకో ప్రయాణం చేసి ఉంటే రెండో మడ్‌గార్డ్ కూడా పోయేది. ఓనరు చేత ఆ ఉబ్బుని తడిమించాను. ఒక్క టైరు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

పేలిన చక్రం వైపు ఇంకో రెండు అనుమానాలు తీర్చుకోవాలి. బ్రేకు పట్టేసి వేడెక్కిందా, బేరింగ్ ఎండిపోయిందా? డ్రమ్ము విప్పితే బేరింగ్ నీలంగా మారలేదు, గ్రీజు మాడలేదు, బ్రేకు మాగ్నెట్ మామూలుగానే అరిగింది. టైర్ల లోపలి అంచు ప్రత్యేకంగా అరగలేదు, కాబట్టి యాక్సిల్ వంగిందన్న అనుమానం కూడా పోయింది. గ్యాస్ పైపు చక్రం గూటికి దగ్గరగా పోతుంది. ట్రెడ్ దెబ్బ దానికి తగల్లేదని లీక్ పరీక్ష చేసి తేల్చుకున్నాం.

మిగిలింది బరువు, గాలి.

గాలి సంగతి ఓనరే చెప్పారు. "ఎండలో వేడెక్కితే ఎలాగూ పెరుగుతుంది కదా అని 45 దగ్గర ఆపేవాణ్ణి." ఈ లెక్క చాలామంది నోట వింటుంటాను. సైడ్‌వాల్ మీద రాసే గాలి చల్లటి టైరుకి చెప్పిన అంకె. వేడికి పెరిగేదాన్ని టైరు చేసినవాళ్లు ముందే లెక్కలోకి తీసుకున్నారు. ఈ సైజు టైరుకి 50లో 1,760 పౌండ్ల సత్తా ఉంటే, 45లో అది 1,640 దగ్గరకి పడిపోతుంది. గాలి తగ్గిన టైరు సైడ్‌వాల్ ఎక్కువ ఒంగుతుంది, ఒంగిన కొద్దీ వేడి పుడుతుంది. అంటే వేడికి భయపడి గాలి తగ్గిస్తే ఇంకా వేడెక్కుతుంది. దారిలో ఆగినప్పుడు వేడి టైరులోంచి గాలి వదిలేవాళ్లూ ఉన్నారు. దాన్నైతే ఎప్పుడూ చేయకూడదు.

తూకం

ట్రైలర్ ఎడమవైపు ముందు భాగంలో ఒక స్టిక్కర్ ఉంటుంది. మొత్తం గరిష్ఠ బరువు, ఒక్కో యాక్సిల్ గరిష్ఠ బరువు, ఫ్యాక్టరీలో వేసిన టైరు సైజు, పెట్టాల్సిన గాలి దాని మీద ఉంటాయి. ఈ ట్రైలర్‌కి మొత్తం 7,600 పౌండ్లు, ఒక్కో యాక్సిల్‌కి 3,500. నాలుగు టైర్లూ కలిపి మోయగలిగింది 7,040. మొత్తం బరువు కంటే టైర్ల సత్తా తక్కువేంటి అని అనిపిస్తుంది. 10 నుంచి 15 శాతం బరువు హిచ్ (ట్రైలర్‌ని తగిలించే కొక్కెం) మీద, అంటే లాగే బండి మీద పడుతుంది. హిచ్ మీద పదో వంతు పోయిందనుకుంటే చక్రాల మీద మిగిలేది 6,840. అంటే కాగితం మీద ఫ్యాక్టరీ వదిలిన మిగులు 200 పౌండ్లు, మూడు శాతం కూడా కాదు. అదీ నాలుగు చక్రాలూ సరిసమానంగా మోస్తేనే. అమెరికాలో ఆర్‌వీల (ఇలాంటి చక్రాల ఇళ్ల) తయారీదారుల సంఘం తన సభ్యులు చేసే ట్రైలర్లకి టైర్లలో కనీసం 10 శాతం మిగులు ఉండాలని 2017లో నియమం పెట్టింది. ఆ కాలానికి అటూ ఇటూ తయారైన బళ్లని కొనేటప్పుడు ఈ కూడిక ఒక్కసారి వేసి చూసుకోవడం మంచిది. రెండు నిమిషాల పని.

ఓనరు అప్పటికే ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ అనే లారీల కాటా మీద తూకం వేయించి చీటీ తెచ్చుకున్నారు. రెండు ట్రైలర్ యాక్సిళ్ల మీద కలిపి 6,620. టైర్ల సత్తాలో 94 శాతం. "పరిమితి లోపలే ఉంది కదా" అన్నారు. చీటీ ప్రకారం ఉంది. కానీ ఆ చీటీ చక్రాల బరువుని విడివిడిగా చెప్పదు.

మేం చక్రాల కింద పెట్టే చిన్న కాటాలు వాడతాం. తూకం వేసేటప్పుడు ట్రైలర్ ప్రయాణంలో ఉన్నట్టే ఉండాలి. సామాను సర్ది, నీళ్లు నింపి, గ్యాస్ సిలిండర్లతో, లాగే బండికి తగిలించి, బరువు పంచే హిచ్ బార్లు బిగించి. నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక చక్రం కాటా మీద ఎత్తుగా, పక్కది నేల మీద ఉంటే బరువు ఎత్తున్న చక్రం వైపుకి జరిగి తప్పు అంకె చూపిస్తుంది. అందుకని కాటా లేని చక్రాల కింద అంతే మందం పలకలు పెట్టాలి. వచ్చిన అంకెలు ఇవి:

ఎడమ ముందు 1,690
కుడి ముందు 1,560
ఎడమ వెనక 1,790
కుడి వెనక 1,580

మొత్తం 6,620, చీటీతో సరిపోయింది. ముందు యాక్సిల్ 3,250, వెనక యాక్సిల్ 3,370, రెండూ 3,500 లోపలే. కానీ ఎడమ వెనక చక్రం దాని టైరు పరిమితిని 30 పౌండ్లు దాటింది. అది కూడా గాలి 50 ఉందనుకుంటే. 45లో అయితే దాటింది దాదాపు 150. ఆరేళ్లు దాటిన టైరు, చాలని గాలి, నెత్తిన స్లైడ్‌అవుట్‌లోని ఫ్రిజ్, పొయ్యి. దానికి తోడు మంచినీళ్ల ట్యాంకు యాక్సిళ్ల వెనక ఎడమ మూలన ఉంది. 40 గ్యాలన్లు, గ్యాలన్‌కి 8.3 పౌండ్ల చొప్పున నిండితే 330 పౌండ్లకి పైనే. ఆయన ప్రతిసారీ ఇంటి దగ్గరే నింపుకుని బయలుదేరేవారు.

పాత టైర్లు చైనావి. ఆర్‌వీవాళ్ల మధ్య వీటికి 'చైనా బాంబులు' అని పేరు కూడా ఉంది. నాసిరకం టైర్లు లేవని అనను. కానీ పేలిన బండిని తూకం వేయకుండా తయారైన దేశం మీదికి నెట్టేస్తే, కొత్త టైర్లకి కూడా అదే బరువు, అదే గాలి రాసిపెట్టి ఉంటుంది. ఈ కేసులో ఏ కంపెనీ టైరైనా కష్టపడేది.

ఏ టైరు వేయాలి

కాబట్టి నేను టైరు వెతికింది సైడ్‌వాల్ మీద పాత సైజు చూసి కాదు. 1,790 మోసినా తన సత్తాలో కనీసం 15 శాతం మిగిలే టైరు కావాలి. అంటే 2,100 పౌండ్లకి పైన మోయాలి.

మొదట అందరికీ తట్టేది అదే సైజులో లోడ్ రేంజ్ డి. ఎస్‌టీ205/75ఆర్14 డి, 65 పీఎస్ఐలో 2,040 పౌండ్లు మోస్తుంది. మిగులు 12 శాతం. నా గీతకి కొంచెం తక్కువే గానీ పాతదానికంటే ఎంతో మెరుగు, రిమ్ములు మార్చక్కర్లేదు. చాలా బళ్లకి ఇదే సరైన జవాబు. ఇక్కడ కూడా అదే వేసేవాణ్ణి, రిమ్ము వెనక ముద్ర చూడకపోతే. ఆ అల్యూమినియం రిమ్ము లోపలి వైపు గరిష్ఠ బరువు 1,870 అని ఉంది. టైరు 2,040 మోయగలిగినా దాన్ని మోసే రిమ్ము 1,870 దగ్గరే ఆగిపోతుంది. 1,870కి 1,790 అంటే మిగులు నాలుగు శాతం. టైరు షాపుల్లో ఈ ముద్రని చూసేవాళ్లు తక్కువ. ఎందుకంటే చూడాలంటే చక్రం విప్పి వెనక్కి తిప్పాలి. రిమ్ముకి గాలి పరిమితి కూడా విడిగా ఉండొచ్చు. సి నుంచి డికి, డి నుంచి ఇకి వెళ్లేవాళ్లు 50 నుంచి 65కి, 65 నుంచి 80 పీఎస్ఐకి వెళ్తున్నారని మర్చిపోకూడదు.

రిమ్ములు ఎలాగూ మార్చాలని తేలాక 14 అంగుళాల దగ్గరే ఆగాల్సిన పని లేదు. 15 అంగుళాల్లో రెండు దారులు కనిపించాయి. ఎస్‌టీ225/75ఆర్15 లోడ్ రేంజ్ ఇ అయితే 80 పీఎస్ఐలో 2,830 పౌండ్లు. ఇంటర్నెట్‌లో అడిగితే పదిమందిలో తొమ్మిది మంది ఇదే వేయమంటారు. ఎస్‌టీ205/75ఆర్15 లోడ్ రేంజ్ డి అయితే 65 పీఎస్ఐలో 2,150.

పెద్దది వేస్తే పోలా అనే ఆశ ఓనరుకి గట్టిగానే ఉంది. కొలతలు చూద్దాం అన్నాను. పాత టైరు ఎత్తు దాదాపు 26.1 అంగుళాలు. 225/75ఆర్15 ఎత్తు 28.3. అంటే రెండు టైర్ల మధ్య సందు 2.2 అంగుళాలు తగ్గుతుంది, చక్రం పైన గూటిలో 1.1 తగ్గుతుంది. ఆకు స్ప్రింగుల మీద నడిచే రెండు యాక్సిళ్ల బండిలో గుంత వస్తే ఒక చక్రం పైకి లేస్తుంది, పక్కది కిందికి దిగుతుంది. పైకి లేచిన చక్రం గూటి కప్పుకి తగిలితే టైరు కోసుకుపోతుంది. ఈ బండిలో స్లైడ్‌అవుట్ అడుగు భాగం గూటి మీదే ఉంది, పైన ఖాళీ తక్కువ. స్ప్రింగు పూర్తిగా ఒంగితే 225 సైజు తగిలేట్టే ఉంది. 205/75ఆర్15 ఎత్తు 27.1. మధ్య సందులో ఒక అంగుళం, పైన అర అంగుళం తగ్గుతుంది. అది సరిపోయింది.

ఇంకో మాట కూడా ఆయనకి చెప్పాల్సి వచ్చింది. 2,830 మోసే టైర్లు నాలుగు వేసినంత మాత్రాన ట్రైలర్ ఎక్కువ మోయదు. యాక్సిల్ 3,500 దగ్గరే ఉంది, స్టిక్కర్ మీద మొత్తం బరువు 7,600 దగ్గరే ఉంది. పైగా 80 పీఎస్ఐ టైరు గట్టిగా ఉండి రోడ్డు కుదుపునంతా లోపలి అల్మారాలకి, మేకులకి పంపిస్తుంది. అవసరం ఉంటే ఆ కుదుపు భరించాలి. ఇక్కడ ఆ అవసరం లేదు.

ఎల్‌టీ టైర్ల గురించి కూడా అడిగారు, లైట్ ట్రక్కులకి వేసేవి. 16 అంగుళాల చక్రాలున్న బరువైన ట్రైలర్లకి అది ఆలోచించదగ్గ దారే. కానీ దగ్గర దగ్గర సైజులో ఎల్‌టీ, ఎస్‌టీ కంటే తక్కువ మోస్తుంది. ఉదాహరణకి లోడ్ రేంజ్ ఇలో ఎల్‌టీ235/85ఆర్16 దాదాపు 3,040 పౌండ్లు. ఎస్‌టీ235/80ఆర్16 అయితే 3,400కి పైనే. 14, 15 అంగుళాల చిన్న ట్రైలర్లకి ఎల్‌టీలో వెతుక్కోవడం దండగ. కారు టైర్లు అసలు వద్దు. వాటి మీద రాసిన సత్తాని ట్రైలర్‌కి వాడేటప్పుడు 1.10తో భాగించాలని అమెరికా ప్రమాణాలే చెబుతాయి. దానికి తోడు సైడ్‌వాల్ మెత్తన.

చివరికి ఎస్‌టీ205/75ఆర్15, లోడ్ రేంజ్ డి. 1,790కి 2,150, మిగులు దాదాపు 17 శాతం. కంపెనీ పేరు దగ్గర నాకు పెద్ద పట్టింపు లేదు. గుడ్‌ఇయర్ ఎండ్యూరెన్స్, కార్లైల్ రేడియల్ ట్రయల్ హెచ్‌డీ లాంటి పేరున్న ట్రైలర్ టైర్లలో తాజా తారీఖు ఉన్నది తీసుకుంటే చాలు. షాపుకి ఫోన్ చేసినప్పుడే డాట్ తారీఖు చదివి చెప్పమంటాను. గోడౌన్‌లో రెండేళ్లు పడున్న టైరు మీద డిస్కౌంట్ ఇచ్చినా లాభం లేదు, దాని ఆయుష్షులో మూడో వంతు అక్కడే అయిపోయింది.

స్పీడు అక్షరం గురించి ఒక మాట. పాత తరం ఎస్‌టీ టైర్లకి గంటకి 65 మైళ్లే హద్దు. ఇప్పుడు ఎల్ అంటే 75, ఎం అంటే 81, ఎన్ అంటే 87 మైళ్లు. ఎన్ అక్షరం ఉన్న టైరుని నేను ఇష్టపడేది 80లో లాగడానికి కాదు. 65లో లాగేటప్పుడు వేడిని బాగా తట్టుకుంటుందని.

రెండు యాక్సిళ్ల బళ్లకి మిగులు ఎక్కువ కావాలని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం మలుపులు. క్యాంపు స్థలంలో బండిని వెనక్కి తిప్పి పెట్టేటప్పుడు చక్రాల్ని గమనించండి. ముందు టైరు ఒక పక్కకి, వెనక టైరు ఇంకో పక్కకి ఒరుసుకుంటూ ఈడ్చుకుపోతాయి. లోపలి బెల్టుల మధ్య అతుకుని ఆ లాగుడు చీలుస్తుంది. హైవే మీద పేలిన టైరుకి గాయం చాలాసార్లు ఇలాంటి చోటే మొదలవుతుంది. గాలి నిండుగా ఉంటే సైడ్‌వాల్ తక్కువ మెలిపడుతుంది. అందుకే ఎస్‌టీ టైర్లలో బరువు తక్కువ ఉంది కదా అని గాలి తగ్గించమని నేను చెప్పను. సైడ్‌వాల్ మీద ఉన్న అంకె చల్లటి ఉదయం పెట్టి వదిలేయాలి. ఇక్కడ 65. పాత స్టిక్కర్ మీద 50 అని ఉంది కాబట్టి దాని పక్కనే కొత్త సైజు, కొత్త గాలి రాసి ఇంకో స్టిక్కర్ అంటించాం. రేపు ఈ బండి ఇంకొకరి చేతికి వెళ్తే వాళ్లు 50 పెట్టకూడదు.

బిగింపు

రిమ్ములు కొనేటప్పుడు బోల్టుల లెక్క, వాటి వలయం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (బోల్టులు బిగిసే ముఖం రిమ్ము నడిమి నుంచి ఎంత పక్కకి ఉందో) పాతవాటితో సరిపోవాలి. బరువు ముద్ర టైరు సత్తాకి తగ్గకుండా ఉండాలి. అది సరే. వాల్వుల దగ్గర మాత్రం షాపువాళ్లతో పట్టుబట్టాలి. మామూలు రబ్బరు వాల్వు, టీఆర్413 రకం, 65 పీఎస్ఐ వరకే పనికొస్తుంది. మనం పెడుతున్నది సరిగ్గా ఆ హద్దు దగ్గరే. ఓనరు గాలి చూసే సెన్సర్లు కూడా పెట్టుకుంటున్నారు. ఆ బరువు రబ్బరు వాల్వు చివర ఊగుతూ ఉంటే మొదలు దగ్గర పగులుతుంది. అందుకని నట్టుతో బిగించే మెటల్ వాల్వులు వేశాం. ట్రైలర్‌కి ఎందుకని బ్యాలెన్సింగ్ వదిలేస్తారు కొందరు. నేను వదలను. చక్రం అదిరితే ముందు అలిసేది టైరు, ఆ తర్వాత బేరింగ్.

అర అంగుళం బోల్టులు కాబట్టి నట్లని నక్షత్రం ఆకారంలో, మూడు దఫాలుగా టార్క్ రెంచ్‌తో బిగించాం. చివరి దఫా 90 నుంచి 120 ఫుట్ పౌండ్ల మధ్య, రిమ్ము తయారీదారు చెప్పిన అంకెకి. అల్యూమినియం రిమ్ములు కొత్తలో కూర్చుంటాయి, నట్లు వదులవుతాయి. 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి మళ్లీ బిగించుకోమని రెంచ్ ఆయన చేతికే ఇచ్చి చూపించాను. కొత్త చక్రాలతో బయల్దేరి దారిలో చక్రమే ఊడిపోయిన బళ్లు ఉన్నాయి.

టైర్లని తయారీదారు దగ్గర రిజిస్టర్ చేయించడం చాలామంది పట్టించుకోరు. రీకాల్ వస్తే కబురు వచ్చేది ఆ నమోదు వల్లే. స్టెప్నీతో కలిపి ఐదు డాట్ నంబర్లూ ఫొటో తీసి ఆయన ఫోన్‌లో ఉంచాం.

సామాను మార్పు

టైర్ల తర్వాత సామాను. నీళ్ల ట్యాంకు ప్రయాణంలో మూడో వంతు ఉంచి మిగతాది క్యాంపులో నింపుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. వెనక అరలో పెట్టుకున్న పనిముట్ల పెట్టె లాగే బండిలోకి మారింది. మళ్లీ తూకం వేస్తే ఎడమ ముందు 1,600, కుడి ముందు 1,540, ఎడమ వెనక 1,620, కుడి వెనక 1,530. మొత్తం 6,290. తీసింది 300 పౌండ్ల లోపు, చక్రాల మీద తగ్గింది 330. యాక్సిళ్ల వెనక నుంచి బరువు తీస్తే ట్రైలర్ ముందుకి ఒరిగి కొంత భారం హిచ్ మీదికి వెళ్తుంది, అందుకే ఆ తేడా. దీనివల్ల హిచ్ బరువు మళ్లీ చూడాల్సి వచ్చింది. 15 శాతం లోపే ఉంది, లాగే బండి పరిమితి లోపే ఉంది, బార్లు మాత్రం కాస్త సరిచేశాం. ట్యాంకు యాక్సిళ్ల ముందు ఉన్న బండిలో నీళ్లు తీస్తే హిచ్ తేలికై ట్రైలర్ ఊగిసలాడొచ్చు. కాబట్టి ఈ సలహా అన్ని బళ్లకీ వర్తించదు.

ఎడమ వెనక చక్రం ఇప్పుడు టైరు సత్తాలో 75 శాతం దగ్గర నడుస్తోంది. "అయితే 14 అంగుళాల డి టైరే, పాత రిమ్ములతోనే సరిపోయేది కదా" అని ఓనరు సరిగ్గానే పట్టుకున్నారు. 1,870కి 1,620, నిజంగా సరిపోతుంది. కానీ నీళ్లు దొరకని క్యాంపుకి వెళ్లే రోజు ఆయన ట్యాంకు నింపుకునే బయల్దేరతారు. టైరుని ఆ రోజు లెక్కకే కొనాలి.

సెన్సర్లలో తక్కువ గాలి హెచ్చరిక 58 దగ్గర పెట్టాం. వేడెక్కినప్పుడు 65 కాస్తా 70 దాటుతుంది, దాని గురించి టెన్షన్ పడొద్దని ముందే చెప్పాను. చూడాల్సింది నాలుగింటిలో ఒకటి మిగతావాటికంటే వేరుగా ఉందా అని. ఎండ పడే వైపు రెండూ కొంచెం ఎక్కువ చూపిస్తే అది మామూలే. ఒక్క చక్రం వేడి మాత్రమే పెరుగుతూ పోతుంటే గాలి దిగుతోందో, బ్రేకు పట్టిందో, బేరింగో ఆగి చూసుకోవాలి.

స్టెప్నీ కూడా అదే సైజు, అదే లోడ్ రేంజ్, అదే రిమ్ముతో ఐదోది కొన్నారు. వెనక బంపర్ మీద పాత స్టాండుకి 15 అంగుళాల చక్రం పట్టలేదు, బ్రాకెట్ మార్చాం. ఐదో సెన్సరు దానికి పెట్టాం.